బ్రేక్ అప్, స్ప్లిట్ అప్, బ్రేక్ ఆఫ్, ఫాల్ అవుట్... ఏది ఎక్కడ వాడాలి?

లవర్స్ విడిపోయినా బ్రేకప్పే, నిశ్చితార్థం ఆగిపోయినా బ్రేకప్పే, ఫ్రెండ్స్ మధ్య మాటల్లేకపోయినా బ్రేకప్పే అనేస్తాం మనం. ఇంగ్లిష్‌లో వీటికి వేరువేరు మాటలున్నాయి, అలా చూస్తే తెలుగులోనూ ఉన్నాయి కదా, అందుకే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

స్టెప్ 1: ఆ సంగతి ఇంట్లో అమ్మకి ఎలా చెప్తారో ముందు తెలుగులో అనుకోండి.

స్టెప్ 2: "విడిపోయారు" అని వస్తే బ్రేక్ అప్ గానీ స్ప్లిట్ అప్ గానీ వాడొచ్చు, రెండూ దాదాపు ఒకటే, పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ నడుస్తాయి, 1970లో బీటిల్స్ బ్యాండ్ విడిపోయినదానికి కూడా ఇవే వాడతారు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: "ఐ బ్రోక్ అప్ హిమ్" అనకూడదు, మధ్యలో "విత్" ఉండాలి, "ఐ బ్రోక్ అప్ విత్ హిమ్". మనం "బ్రేకప్ చెప్పేశాడు" అంటాం చూడండి, దాన్ని "హి సెడ్ బ్రేకప్" అని దింపితే ఇంగ్లిష్ వాళ్లకి వింతగా ఉంటుంది. ఇంకోటి, బ్రేక్ అప్ రాసేటప్పుడు క్రియ అయితే రెండు ముక్కలు (break up), నామవాచకం అయితే ఒకే ముక్క (breakup).

స్టెప్ 3: "తెంచుకున్నారు", "క్యాన్సిల్ చేసుకున్నారు" అని వస్తే అది బ్రేక్ ఆఫ్. దీనికి ఏం తెంచుకున్నారో చెప్పాలి: "షి బ్రోక్ ఆఫ్ ది ఎంగేజ్‌మెంట్". "ఇట్" వాడితే మాత్రం అది మధ్యలోకి వస్తుంది, "షి బ్రోక్ ఇట్ ఆఫ్". నేను చాలాకాలం "బ్రోక్ ఆఫ్ ఇట్" అనే రాసేవాణ్ణి, ఎవరూ దిద్దలేదు.

స్టెప్ 4: "ఇద్దరికీ చెడింది" అంటే ఫాల్ అవుట్, గొడవపడి మాట్లాడుకోవట్లేదని అర్థం, ఫ్రెండ్స్‌కీ అన్నదమ్ములకీ బాగా సరిపోతుంది. గొడవేం లేదు, ఉద్యోగాలు ఊళ్లు మారి మెల్లగా దూరమయ్యారంటే డ్రిఫ్ట్ అపార్ట్. ఈ రెండూ కలిపేయకండి ప్లీజ్, పాత స్నేహితుడి గురించి "వి ఫెల్ అవుట్" అంటే లేని గొడవ ఉన్నట్టవుతుంది.

స్టెప్ 5: "పెళ్లాం పిల్లల్ని వదిలేసి పోయాడు" అంటే వాక్ అవుట్ ఆన్, ఇందులో తప్పెవరిదో చెప్పినట్టే ఉంటుంది కాబట్టి చూసి వాడండి. ఎవర్నీ తప్పుబట్టకుండా కాపురం నిలబడలేదని చెప్పాలంటే "ద మ్యారేజ్ బ్రోక్ డౌన్" అనండి, విడాకుల కేసుల వార్తల్లో కనిపించే "బ్రేక్‌డౌన్ ఆఫ్ మ్యారేజ్" ఇదే.