పాత ఫ్రెట్‌లెస్ బాస్ నెక్ ఎక్కడిదో పట్టుకోవడం

ఫ్రెట్‌లెస్ అంటే నెక్ మీద అడ్డంగా లోహపు కడ్డీలు (ఫ్రెట్లు) లేని బాస్ గిటార్. సెకండ్‌హ్యాండ్‌లో దాని నెక్, అంటే పొడవాటి మెడ, కొనేటప్పుడు అసలు చిక్కు హెడ్‌స్టాక్ (తీగలు బిగించే చివర) మీది కంపెనీ పేరే. ఆ స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి, ఎవరైనా అతికించేయొచ్చు. అందుకే చూడాల్సింది మడమ, అంటే బాడీలో కూర్చునే చివర.

బాడీకి బిగించి ఉంటే తీగలు పూర్తిగా వదులు చేసి, వెనక స్క్రూలు తీయండి. ఫెండర్ కంపెనీ నెక్ అయితే మడమ మీద ముద్రో పెన్సిల్ రాతో తేదీ ఉండొచ్చు. అది నెక్ తయారైన తేదీ, గిటార్‌ది కాదు. హెడ్‌స్టాక్ మీద సీరియల్ నంబర్ ఎంఎన్‌తో మొదలైతే 1990ల మెక్సికో, ఎంజెడ్ అయితే 2000ల మెక్సికో.

తర్వాత టేపు. నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ ఉండాల్సిన స్థానానికి 432 మిల్లీమీటర్లు వస్తే 34 అంగుళాల స్కేల్, అంటే తీగ మోగే పొడవు. నట్ వెడల్పు 38 మిల్లీమీటర్ల దగ్గరుంటే ఫెండర్ జాజ్ బాస్ మోడల్ కొలత, 41 పైన ఉంటే ప్రెసిషన్ బాస్ మోడల్ వైపు.

ఫ్రెట్లు పీకేసిన నెక్కా? ఫోన్ టార్చ్‌ను ఫింగర్‌బోర్డ్‌కు (వేళ్లతో తీగలు నొక్కే పలకకు) పక్కవాటంగా పెట్టండి, పూడ్చిన ఫ్రెట్ గాడులు బయటపడతాయి. ఫ్రెట్ల చోట గీతలుండి, నెక్ అంచున స్థానాలు చూపే చుక్కలు గీతల మధ్యలో ఉంటే అనుమానించండి. అయితే ఫ్యాక్టరీలోనే గీతలు పెట్టిన ఫ్రెట్‌లెస్‌లూ ఉన్నాయి కాబట్టి ఇదొక్కటే సాక్ష్యం కాదు.

మడమను ఎవరైనా ఇసుక కాగితంతో రుద్ది మళ్లీ పాలిష్ వేసి ఉంటే తేదీ దొరకదు. అప్పుడు కొలతలు మోడల్ చెబుతాయి గానీ దేశం చెప్పవు.