పాత పీసీలో సీరియల్ పోర్టులు, 4వ పాఠం: డయల్ చేయగానే మౌస్ ఎందుకు ఆగిపోతోంది?

పోయిన పాఠం చూసి ఇంటర్నల్ మోడెమ్‌ని (ఫోన్ లైన్ మీద డయల్ చేసే కార్డుని) కామ్3కి, అంటే మూడో సీరియల్ పోర్టుకి, పెట్టుకున్న చాలామందికి ఒకటే తలనొప్పి. విండోస్ 95 బాగానే లేస్తుంది, మోడెమ్ డయల్ మొదలుపెట్టగానే మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అందుకే ఈసారి చెబుతానన్న బాడ్ రేటు (పోర్టు వేగం) సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ముందు ఇది తేలాలి. మోడెమ్ పాడవలేదు, కొత్తది కొనకండి.

కామ్1కి అడ్రస్ 3ఎఫ్8, ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే తీగ నంబరు) 4. కామ్2కి 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3. కామ్3కి 3ఈ8, మళ్లీ అదే 4. కామ్4కి 2ఈ8, మళ్లీ అదే 3.

"అడ్రస్ వేరే కదా, ఇక గొడవేంటి?" అంటారు. ఈ మాట వింటే నాకు చిరాకు, ఎందుకంటే సగం మదర్‌బోర్డులు ఈ మాట వల్లే అనవసరంగా రిపేరుకి వెళ్తాయి. అడ్రస్ అనేది ప్రాసెసర్ పోర్టుని వెతుక్కోవడానికి. పోర్టు ప్రాసెసర్‌ని పిలవాలంటే ఐఆర్‌క్యూ తీగ కావాలి. ఐఎస్ఏ బస్సులో (పాత కార్డులు బిగించే స్లాట్ల లైన్లలో) ఆ తీగని మామూలుగా ఇద్దరు పంచుకోలేరు. సీరియల్ మౌస్ కామ్1 మీద 4ని పట్టుకుని ఉంటుంది, డయలర్ ప్రోగ్రాం కామ్3ని తెరవగానే మోడెమ్ కార్డు కూడా అదే తీగని తన వైపు లాగుతుంది, మౌస్ పిలుపు ప్రాసెసర్‌దాకా పోదు. డయల్ చేయనంతసేపూ అంతా బాగుండేది అందుకే.

నేనైతే కామ్3 జోలికే పోను. బయోస్‌లో బోర్డు మీది రెండో సీరియల్ పోర్టుని డిసేబుల్ చేసి, మోడెమ్ జంపర్లు (కార్డు మీద పిన్నులకి తొడిగే చిన్న క్లిప్పులు) కామ్2, ఐఆర్‌క్యూ 3కి మార్చేస్తాను. ఆ రెండో పోర్టుకి యూపీఎస్ కేబుల్ లాంటిది ఉందా? అప్పుడు మోడెమ్‌ని కామ్3లోనే ఉంచి ఐఆర్‌క్యూ మాత్రం 5 చేయండి, డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు రిసోర్సెస్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ టిక్కు తీసేసి అక్కడా 5 పెట్టండి. సౌండ్ బ్లాస్టర్ సౌండ్ కార్డు ఉన్నవాళ్లు ఆగండి, అది మామూలుగా కూర్చునేది 5 మీదే. కామ్4 వద్దు, ఎస్3 డిస్‌ప్లే కార్డులు కొన్ని 2ఈ8ని వాడుకుంటాయి. బోర్డుకి పీఎస్/2 అనే గుండ్రటి మౌస్ సాకెట్ ఉంటే అదృష్టవంతులు, దాని ఐఆర్‌క్యూ 12, కామ్1 మొత్తం ఖాళీ.

అభ్యాసం: మోడెమ్ కార్డు తీసేసి, విండోస్ లేకుండా డాస్‌లోకి వెళ్లి డీబగ్ ప్రోగ్రాం నడపండి, బయోస్ తనకి దొరికిన పోర్టుల అడ్రస్‌లు మెమరీలో రాసుకున్న చోటుని దానితో చూడొచ్చు. డీ 40:0 అని కొడితే మొదట ఎఫ్8 03 ఎఫ్8 02 కనిపించాలి, బైట్లు తిరగేసి చదవండి: 03ఎఫ్8, 02ఎఫ్8, అంటే కామ్1, కామ్2 అడ్రస్‌లు. రెండో పోర్టు డిసేబుల్ చేసి మళ్లీ చూడండి, ఎఫ్8 02 పోయి సున్నాలు రావాలి. కంప్యూటర్ ఆపి, కామ్2కి జంపర్ పెట్టిన మోడెమ్ బిగించి ఇంకోసారి చూడండి. మూడుసార్లు ఏం కనిపించిందో, ఐఆర్‌క్యూలు 3, 4, 5, 7 ఏ పరికరం దగ్గరున్నాయో కాగితం మీద రాసుకోండి. ఎంఎస్‌డీ (మైక్రోసాఫ్ట్ డయాగ్నస్టిక్స్ ప్రోగ్రాం) చూపించే ఐఆర్‌క్యూని నమ్మి రాయకండి, కార్డు మీది జంపర్ చూసి రాయండి.