మార్చిలో తేలిపోయిన ఫుటీ స్టార్: నిజంగా ఫామ్ పోయిందో లేదో తేల్చుకోవడం ఎలా?

మెల్‌బోర్న్‌లో ఉద్యోగంలో చేరిన తెలుగువాళ్లను ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) మీద ఇష్టం ఉన్నా లేకపోయినా మొదటి మార్చిలోనే ఎవరో ఒకరు ఆఫీస్ టిప్పింగ్‌లోకి లాగుతారు. ఈ వారం ఎవరు గెలుస్తారో చెప్పడం, అంతే. రెండో ఏడాదికి ఫ్యాంటసీ టీమ్ కూడా వచ్చి చేరుతుంది, అంటే అసలు ఆటగాళ్లను ఉత్తుత్తి డబ్బుతో కొని, అమ్మి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు తెచ్చుకోవడం. అసలు టెన్షన్ అక్కడ మొదలు. బోలెడు ధర పెట్టి తీసుకున్న స్టార్ వరుసగా మూడు వారాలు తేలిపోతాడు. టీవీలో మాజీ ఆటగాళ్లు ఇతని పని అయిపోయిందన్నట్టు మాట్లాడతారు. మనం గాభరాపడి అమ్మేస్తాం. నాలుగో వారం అతను చెలరేగిపోతాడు.

ఇలా రెండు సీజన్లు చేతులు కాల్చుకున్నాక నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. బంతి ఎన్నిసార్లు అందుకున్నాడన్నది చివర్లో చూస్తాను. ఎక్కడ నిలబడ్డాడు, ఎలా పరిగెత్తాడు అన్నవి ముందు.

ఆట కొత్తవాళ్లకు రెండు మాటలు. ఒక్కో జట్టు నుంచి 18 మంది మైదానంలో ఉంటారు. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 20 నిమిషాలు, ఆట ఆగిన సమయం అదనం. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి తంతే గోల్, 6 పాయింట్లు; పక్క సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. బంతిని కాలితో తన్ని గానీ పిడికిలితో కొట్టి గానీ తోటివాడికి ఇవ్వాలి. ఈ రెండూ కలిపిన లెక్కే డిస్పోజల్స్. క్రికెట్‌లో పరుగుల్లా అందరి కళ్లూ ముందు పడేది దీని మీదే. తప్పుదారి పట్టించేదీ ఇదే.

1. ముందు క్యాలెండర్ చూడండి

లీగ్ దశలో ప్రతి జట్టుకు 23 మ్యాచ్‌లు, ఆ తర్వాత సెప్టెంబరులో ఫైనల్స్, మన ఐపీఎల్ ప్లేఆఫ్స్ లాంటివి. మూడు మ్యాచ్‌లంటే దాదాపు ఎనిమిదో వంతు. 2024లో బ్రిస్బేన్ లయన్స్ మొదటి మూడూ ఓడిపోయింది. తొలి మ్యాచ్‌లోనైతే కార్ల్‌టన్ మీద 46 పాయింట్లు ముందుండి మరీ చేజార్చుకుంది. అదే జట్టు సెప్టెంబరులో సిడ్నీని 60 పాయింట్ల తేడాతో చిత్తు చేసి కప్పు ఎత్తింది. 2017లో సిడ్నీ వరుసగా ఆరు ఓడి కూడా ఫైనల్స్‌కు చేరింది. అలాగని అందరూ లేస్తారనుకోకండి. 2022 విజేత జీలాంగ్ మరుసటి ఏడాది మొదటి మూడు ఓడింది, ఫైనల్స్ గడప కూడా తొక్కలేదు. ఓటములను బట్టి ఏమీ చెప్పలేం కాబట్టే మిగతావి చూడాలి.

2. అతన్ని ఎక్కడ నిలబెట్టారు?

నా అనుభవంలో సగం స్లంప్‌ల (ఫామ్ పడిపోవడాల) గుట్టు ఇక్కడే ఉంటుంది. గోల్ పడ్డ ప్రతిసారీ ఆట మైదానం మధ్య నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ నడిమి చతురస్రంలో ఒక్కో జట్టుకు నలుగురే ఉండాలి: బంతి కోసం పైకెగిరే పొడుగాటి రక్‌మన్ ఒకరు, మిడ్‌ఫీల్డర్లు ముగ్గురు. మీ స్టార్ ఆ ముగ్గురిలో ఎన్నిసార్లు ఉన్నాడో చెప్పే లెక్కను సెంటర్ బౌన్స్ అటెండెన్స్ అంటారు, ఫ్యాంటసీ ఆడేవాళ్ల భాషలో సీబీఏ. నిరుడు నూటికి ఎనభై సార్లు అక్కడున్నవాడు ఈ మార్చిలో నలభైకి వచ్చాడంటే ఫామ్ పోయినట్టు కాదు, కోచ్ జరిపినట్టు. కుర్రాడెవరికో మధ్యలో అవకాశమిచ్చి స్టార్‌ను ముందు గోల్ దగ్గరికి ఫార్వర్డ్‌లోకో, వెనక డిఫెన్స్ వైపు హాఫ్ బ్యాక్‌లోకో పంపే ప్రయోగాలు ఎక్కువగా సీజన్ మొదట్లోనే జరుగుతాయి. ఓడిపోయినా సర్దుకోవడానికి అప్పుడైతే టైముంటుంది.

ఫార్వర్డ్‌కు వెళ్లినవాడికి బంతి రావడం అవతలివాళ్ల చేతిలో పని. అందుకే గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌ను తిట్టే ముందు జట్టు ఇన్‌సైడ్ 50 లెక్క చూడండి, అంటే గోల్‌కు 50 మీటర్ల లోపలికి బంతిని ఎన్నిసార్లు పంపారన్నది. ఆ అంకె పడిపోయిందా? పంపినవి కూడా హడావిడిగా, గాల్లోకి ఎత్తేసినవేనా? అయితే తప్పు మధ్యలోవాళ్లది. పప్పు ఉడకకపోతే తాలింపును తిట్టి ఏం లాభం?

3. వెనకాల ఎవరైనా అంటుకుని తిరుగుతున్నారా?

తన ఆట పక్కన పెట్టి, అవతలి స్టార్‌ను కట్టడి చేయడమే పనిగా పెట్టుకున్న ఆటగాడిని ట్యాగర్ అంటారు. 2019లో మూడో రౌండ్‌లో రిచ్‌మండ్ స్టార్ డస్టిన్ మార్టిన్‌ను గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ ఆటగాడు మ్యాట్ డి బోర్ ఇలాగే కట్టేశాడు. విసిగిపోయిన మార్టిన్ చేయి చేసుకుని ఒక మ్యాచ్ నిషేధం కూడా తెచ్చుకున్నాడు. 2017లో బ్రౌన్‌లో మెడల్ (అంపైర్ల ఓట్లతో సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చేది) గెలిచినవాడు ఏప్రిల్ నాటికి ఆ స్థితిలో ఉన్నాడు. అదే ఏడాది గ్రాండ్ ఫైనల్‌లో మళ్లీ అదే ప్రత్యర్థి. మార్టిన్ 4 గోల్స్ కొట్టాడు, రిచ్‌మండ్ 89 పాయింట్లతో గెలిచింది, ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనికే వచ్చింది.

4. ఒక క్వార్టర్ బంతిని వదిలేసి మనిషిని చూడండి

ఇది టీవీలో కుదరదు, కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. స్టేడియానికి వెళ్లాలి. ఎంసీజీలో పై అంతస్తు సీట్లు దీనికి భలే ఉంటాయి, మైదానం మొత్తం పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంది. మొదట్లో చాలా కష్టం. చుట్టూ వేలమంది ఒకేసారి లేచి అరుస్తుంటే మీ ఒక్కరి చూపు మాత్రం ఎక్కడో దూరంగా నడుస్తున్న మనిషి మీద ఉండాలి.

బంతి అవతలి అంచున ఉన్నప్పుడు ట్యాగర్ మోచేయి అతని పక్కటెముకల్లో ఉంటుంది, జెర్సీ గుప్పిట్లో ఉంటుంది. అది చూశాక డిస్పోజల్స్ ఎందుకు తగ్గాయో వేరే చెప్పనక్కర్లేదు. ఇంకా రెండు గమనించండి. తన జట్టు బంతి పోగొట్టుకున్న క్షణంలో వెనక్కి తిరిగి పరుగు తీశాడా, నడుము మీద చేతులేసుకుని నిలబడ్డాడా? బంతి నేల మీద పడగానే మొదటి రెండు అడుగులు చురుగ్గా ఉన్నాయా, బరువుగా పడ్డాయా? బంతి దొరకకపోయినా ఈ రెండూ బాగుంటే నేను అతన్ని అమ్మను.

5. ఒళ్లు సహకరిస్తోందా?

మంచి మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో 12 నుంచి 14 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆ దమ్ము నవంబరు నుంచి ఎండలో చేసే ప్రీ సీజన్ శిక్షణతో వస్తుంది. సీజన్ అయ్యాక భుజానికో మోకాలికో ఆపరేషన్ చేయించుకున్నవాడు ఆ పరుగుల్లో చాలావరకు పోగొట్టుకుని మార్చికి దిగుతాడు. ఇలాంటివాళ్ల విషయంలో మొదటి క్వార్టర్ చూడకండి, నాలుగోది చూడండి. మైదానంలో ఎంతసేపు ఉన్నాడన్న శాతం కూడా చూడండి.

కార్ల్‌టన్ మిడ్‌ఫీల్డర్ ప్యాట్రిక్ క్రిప్స్ 2021లో వెన్ను దెబ్బతో ఈడుస్తూ ఆడాడు. అప్పుడు అతని పని అయిపోయిందనుకున్నవాళ్లు తక్కువేం కాదు. 2022లో బ్రౌన్‌లో గెలిచాడు, 2024లో 45 ఓట్ల రికార్డుతో మళ్లీ గెలిచాడు.

6. గురి తప్పడం వేరు

స్కోరు 3.1 అంటే 3 గోల్స్, 1 బిహైండ్, మొత్తం 19. పోయిన వారం 3.1 కొట్టినవాడు ఈ వారం 1.4 కొడితే 10 పాయింట్లే. కానీ తన్నే అవకాశాలు నాలుగు నుంచి అయిదయ్యాయి. బంతి అతనికి దొరుకుతూనే ఉంది, తన్నడమే కుదరట్లేదు. మార్క్ పట్టి (తన్నిన బంతిని గాల్లోనే క్యాచ్ పట్టి) నిదానంగా తన్నడానికి 30 సెకన్లు ఇస్తారు. ఆ 30 సెకన్లలో ప్రతిసారీ ఒకేలా అడుగులు వేస్తున్నాడో లేదో చూడండి. రాత్రి మ్యాచ్‌లో మంచుకు బంతి సబ్బుబిళ్లలా జారుతుంటే ఆ మ్యాచ్ లెక్కలోకి తీసుకోకండి.

7. ఎప్పుడు వదులుకోవాలి?

నిలబడే చోటు మారలేదు, ట్యాగర్ లేడు, మైదానంలో ఉన్న సమయం తగ్గలేదు, వర్షం లేదు. అయినా అయిదారు వారాలుగా ఆ మొదటి రెండు అడుగులు బరువుగానే పడుతున్నాయంటే అది నిజమైన స్లంపే. మొహమాటం లేకుండా అమ్మేయండి. ఒక్క జాగ్రత్త: ఓడిన రాత్రి అమ్మకండి. జట్లు ప్రకటించేదాకా ఆగండి, చాలా వారాల్లో అది గురువారం సాయంత్రం జరుగుతుంది. మీ స్టార్‌కు వారం విశ్రాంతి ఇచ్చారని అప్పుడు తెలిసిందనుకోండి, మూడు వారాలుగా అతను ఏ నొప్పి దాచుకుని ఆడుతున్నాడో కూడా దాంతోపాటే బయటపడుతుంది.