ఈత కొలను రిపేరా? టైల్స్ కాదు, ముందు లీకు చూడండి

కొలను మెట్టు మీద నీళ్లు నింపిన బకెట్ పెట్టి, లోపలా బయటా నీటిమట్టం గుర్తు పెట్టండి. 24 గంటలయ్యాక బకెట్‌లో కన్నా కొలనులో ఎక్కువ తగ్గితే లీకున్నట్టే. అది తేలకుండా కొత్త టైల్స్ వేయించడం డబ్బు దండగ.

నీళ్లని ఫిల్టర్‌లోకి తోసే పంపు కూడా మారుస్తుంటే, దాని సైజుకి లెక్క ఇది: 25 మీటర్ల పొడవు, 12.5 వెడల్పు, సగటు లోతు 1.5 అయితే సుమారు 469 ఘనమీటర్ల నీళ్లు. 6 గంటలకోసారి మొత్తం ఫిల్టర్ కావాలంటే గంటకు 78 ఘనమీటర్లు లాగాలి. పంపు ఒక్కటే పెద్దది వేస్తే ఇసుక ఫిల్టర్‌లో వేగం పెరిగి మురికి దాటిపోతుంది; రెండూ కలిపే మార్చాలి.

రిపేరుకని కొలను ఖాళీ చేసేముందు భూగర్భజలం ఎంత పైనుందో కనుక్కోండి. కింది ఒత్తిడికి ఖాళీ తొట్టి పైకి లేచి పగలొచ్చు.

కొలను పక్కనే జిమ్ ఉంటే, అందులోకి కొలను దగ్గరి తేమ, క్లోరిన్ గాలి రాకూడదు, పరికరాల ఇనుము తుప్పు పడుతుంది. ట్రెడ్‌మిల్ వెనక 2 మీటర్లు ఖాళీ వదలండి.