మన చేతి అక్వేరియం – నాలుగో పాఠం: స్టాండుకు ఊడదీసే ప్యానెళ్లు

మూడో పాఠం దాకా చేసుకొచ్చినవాళ్ల ఇంట్లో ఈపాటికి స్టాండు నిలబడి ఉంటుంది. ఒకటిన్నర అంగుళం చదరపు ఇనప పైపు, దాని మీద రెడ్ ఆక్సైడ్, ఆపైన నల్ల రంగు. పైన 18 ఎంఎం ప్లైవుడ్ బోర్డు, 10 ఎంఎం థర్మోకోల్, ఆ మీద 36 అంగుళాల తొట్టి. చేపలు బాగానే ఉన్నాయి. బాగాలేనిదల్లా తొట్టి కింద కనబడే సామాను: ఫిల్టరు, పైపులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, మేత డబ్బాలు, తడి గుడ్డ. హాల్లోకి వచ్చినవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. ఈ పాఠంలో ముందువైపుకీ, రెండు పక్కలకీ ప్యానెళ్లు చేద్దాం. వెనకవైపు మూయొద్దు. ఎందుకో తర్వాత చెప్తాను.

చాలామంది ఇక్కడ కార్పెంటర్‌ని పిలిచి, స్టాండుకు ప్లైవుడ్ బిగించేసి, పైన మైకా అంటించి పని అయిపోయిందనుకుంటారు. నేను దానికి ఒప్పుకోను. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు ఉన్న తొట్టిలో అంచు దాకా 160 లీటర్ల నీళ్లు పడతాయి. ఫిల్టరు పైపు జాయింటు ఒక రాత్రి వదులైతే ఆ నీళ్లు ఆపాల్సింది మనమే, అదీ అప్పటికప్పుడే. స్క్రూడ్రైవర్ ఎక్కడుందో వెతుక్కునే టైం ఉండదు. అందుకని ప్యానెల్‌కు నేను పెట్టే పరీక్ష ఒక్కటే: పనిముట్టు ఏదీ లేకుండా, లైటు లేకుండా, ఇంట్లో ఎవరైనా సరే, పది సెకన్లలో దాన్ని ఊడదీయగలగాలి. ఈ పాఠంలోని ప్రతి కొలతా ఆ పరీక్ష కోసమే.

బరువు నేలకు, పట్టు అయస్కాంతానికి

ఊడదీసే ప్యానెల్ అనగానే అందరికీ అయస్కాంతం గుర్తొస్తుంది. ఇనప స్టాండు కాబట్టి అది సరైన ఆలోచనే. కానీ చేసేవాళ్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. డబ్బా మీద ఐదు కిలోల పట్టు అని రాసి ఉంటే, అది అయస్కాంతాన్ని తిన్నగా వెనక్కి లాగినప్పటి లెక్క. గోడకు అంటించిన వస్తువు కిందికి జారేటప్పుడు ఆ పట్టులో చిన్న భాగమే పనికొస్తుంది. మధ్యలో రంగు పొర మందంగా ఉంటే ఇంకా తగ్గుతుంది. మనం చేయబోయే ముందు ప్యానెల్ బరువు ఆరు కిలోల దరిదాపు ఉంటుంది. దాన్ని నాలుగు అయస్కాంతాలకు వేలాడదీస్తే మొదటి రోజు నిలబడినట్టే ఉంటుంది. తర్వాత పంపు అదురుకి రోజూ కాస్త కాస్తగా జారి, చివరికి అంచు నేలకు తగిలి చెక్క పాడవుతుంది.

కాబట్టి బరువంతా నేల మోయాలి. ప్యానెల్ ముందుకు పడకుండా పట్టుకోవడం ఒక్కటే అయస్కాంతం పని. ఈ రెండు పనులూ విడదీస్తే చిన్న అయస్కాంతాలతోనే సరిపోతుంది, తీయడమూ తేలిక.

కొలతలు

వెల్డింగ్ వేడికి పైపు కొంచెం లాగుతుంది. అందుకే ఏ స్టాండూ కాగితం మీద గీసినంత నిక్కచ్చిగా రాదు. వెడల్పును పైన, నడుమ, కింద మూడు చోట్లా కొలవండి. తర్వాత మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే స్టాండు మూలమట్టంగా ఉన్నట్టు. స్టాండు, బోర్డు, అద్దం, వీటిలో ఏది ఎక్కువ బయటికి వచ్చి ఉంటే దాని కొలతే తీసుకోవాలి.

నేను చెప్పే లెక్కలు 914 ఎంఎం వెడల్పు, 381 లోతు, 762 ఎత్తు ఉన్న స్టాండుకి. మీ స్టాండుకు తగ్గట్టు మార్చుకోండి. ప్లైవుడ్ మందం 12 ఎంఎం. అయస్కాంతం చెక్క మీంచి 2 ఎంఎం పైకి ఉంటుంది కాబట్టి ప్యానెల్‌కీ స్టాండుకీ మధ్య అంత సందు వస్తుంది. పక్క ప్యానెళ్ల వెడల్పు స్టాండు లోతంతే, 381. ముందు ప్యానెల్ ఆ రెండింటి అంచుల్నీ కప్పాలి. అంటే ఒక్కో పక్క 14 కలిపితే 942.

ఎత్తు దగ్గర కొంచెం ఆలోచించాలి. అనంతపురంలో చాలా ఇళ్లలో నేల ఇంకా బేతంచెర్ల బండలే. చూడ్డానికి చల్లగా, అందంగా ఉంటాయి గానీ బండకీ బండకీ ఎత్తు ఒకేలా ఉండదు. పైగా రోజూ తడిగుడ్డతో తుడుస్తారు. కాబట్టి ప్యానెల్ కింది అంచు నేలకు 12 ఎంఎం పైన ఉండాలి. పైన మాత్రం థర్మోకోల్‌ని దాటి, అద్దం అడుగున సిలికాన్ గీత కనబడకుండా ఇంకో 12 ఎంఎం పైకి పోవాలి. స్టాండు 762, బోర్డు 18, థర్మోకోల్ 10, అద్దం మీదికి 12 కలిపితే 802. అందులోంచి కింది సందు 12 తీసేస్తే ప్యానెల్ ఎత్తు 790. చెక్క అద్దాన్ని తాకకూడదు, ఆ 2 ఎంఎం సందు అక్కడా ఉండి తీరాలి.

మూడు ముక్కలకీ 6 బై 4 అడుగుల షీటు ఒకటి సరిపోతుంది. 8 బై 4 కొనక్కర్లేదు. ముక్కలు పక్కపక్కనే పెడితే 942, 381, 381 కలిసి 1704, రంపం మందం పోయినా షీటు పొడవు 1830 లోపే వస్తుంది. ప్లైవుడ్ షాపుల్లో కోసే మిషన్ ఉంటే అక్కడే కోయించుకోండి. చేతి రంపంతో అంత పొడుగు కోత తిన్నగా రావడం కష్టం.

చెక్క

ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లనూ తట్టుకునే రకం) ప్లైవుడ్ తీసుకోండి. ఐఎస్ 303 ముద్రతో వచ్చే ఎంఆర్ (తేమను మాత్రం తట్టుకునే) రకం కాస్త చవక, దానికి కోట్లు బాగా పడాలి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ మాత్రం వద్దు. తొట్టి దగ్గర ఎంత జాగ్రత్తగా ఉన్నా నీళ్ల చుక్కలు పడతాయి. ఒకసారి ఉబ్బిన పార్టికల్ బోర్డు మళ్లీ దారికి రాదు.

రీపరు, బుష్‌లు

స్టాండు కింది అడ్డ పైపు నేలకు 4 అంగుళాల పైన ఉండేలా వెల్డింగ్ చేయించమని రెండో పాఠంలో చెప్పింది ఇందుకే. ముందు ప్యానెల్ వెనకవైపు, కింది అంచుకి 13 ఎంఎం పైన, 25 బై 40 ఎంఎం రీపరు (సన్న చెక్క పట్టీ) 800 ఎంఎం పొడవుది ఫెవికాల్ పెట్టి ముందువైపు నుంచి స్క్రూలతో బిగించండి. స్క్రూ తలలు చెక్కలో మునగాలి, పైన లప్పం పెట్టేస్తాం. కాళ్ల మధ్య ఖాళీ 838 కాబట్టి ఈ రీపరు వాటి మధ్యలోకి సులువుగా వెళ్తుంది, ప్యానెల్ అటూ ఇటూ జరగకుండా ఆపుతుంది కూడా. పక్క ప్యానెళ్లకు 270 పొడవు చాలు.

రీపరు అడుగున రెండు చివర్లా టేబుల్ కాళ్లకు వేసే రబ్బరు బుష్‌లు బిగించండి, తిప్పితే ఎత్తు పెరిగి తగ్గేవి. ప్యానెల్‌ని చోట్లో నిలబెట్టి, పై అంచు మీద రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా బుష్ తిప్పండి. బండ ఎగుడుదిగుడుగా ఉన్నా పై అంచు అద్దం అడుగుకి సమానంగా నిలుస్తుంది.

అయస్కాంతాలు బిగించడం

20 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం, నడుమ స్క్రూ రంధ్రం ఉన్న నియోడైమియం అయస్కాంత బిళ్లలు తెచ్చుకోండి. ముందు ప్యానెల్‌కు నాలుగు, పక్కవాటికి పైన రెండేసి, మొత్తం ఎనిమిది. ఇంట్లో చిన్నపిల్లలుంటే బిగించేదాకా తాళం లోపలే ఉంచండి. రెండు బిళ్లలు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలోని పేగును నలిపేస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు.

వాటి చోటు కొలిచి గీయడం కన్నా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. బిళ్లల్ని స్టాండు కాలి పైపు మీదే, నడిమికి అంటించండి. వాటి ముఖానికి తడి చాక్‌పీసు రుద్దండి. బుష్‌లు సర్దిన ప్యానెల్‌ని చోటికి తెచ్చి, మూలల దగ్గర అరచేత్తో నొక్కి తీయండి. చెక్క వెనక నాలుగు తెల్లటి గుండ్రాలు పడతాయి. ముందు ప్యానెల్‌లో వాటి నడిమి చుక్కలు పక్క అంచుకి 33 ఎంఎం దగ్గర ఉండాలి, కాలి పైపు సగం 19, అంచు బయటికి వచ్చింది 14. అంత రాకపోతే ప్యానెల్ ఒక పక్కకి జరిగిందన్నమాట.

గుండ్రం ఉన్నచోట 20 ఎంఎం బిట్టుతో 3 ఎంఎం లోతు గుంట తీయండి. బిట్టుకి ఆ లోతు దగ్గర టేపు ముక్క చుట్టుకుంటే చేయి దాటదు. గుంటలో ఆరల్డైట్ జిగురు చుక్క వేసి, బిళ్ల పెట్టి, 12 ఎంఎం స్క్రూ చేత్తోనే బిగించండి. డ్రిల్లు మిషన్‌తో బిగిస్తే బిళ్ల పగులుతుంది. ఈ లోహం గట్టిదే గానీ పెళుసు.

స్టాండు స్టెయిన్‌లెస్ స్టీలుదైతే చాలావరకు అయస్కాంతం పట్టదు, అల్యూమినియానికి అసలే పట్టదు. అలాంటప్పుడు కాళ్ల మీద అవసరమైన చోట ఇనప వాషర్లు ఆరల్డైట్‌తో అంటించండి. వాషరు మందాన్ని సందు లెక్కలో కలపడం మరవొద్దు. నీళ్లు నిండిన తొట్టి కింద మాత్రం డ్రిల్లింగ్, వెల్డింగ్ ఏదీ చేయకండి.

చెయ్యి పెట్టి లాగడానికి ముందు ప్యానెల్‌లో రెండు కోడిగుడ్డు ఆకారపు రంధ్రాలు కోయండి, 90 పొడవు, 28 ఎత్తు. పై అంచుకి 95 ఎంఎం కింద మొదలైతే వేళ్లకు పై అడ్డ పైపు తగలదు. లోపలి వేడి గాలి బయటికి పోవడానికీ ఇవే దారి. వెనకవైపు మూయొద్దన్నదీ అందుకే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటే ఎండలకి, మూసిన పెట్టెలో ఫిల్టరు మోటరు వేడి కూడా తోడైతే మోటరుకీ కష్టం, నీళ్లకీ కష్టం.

రంగు

ప్లైవుడ్ ఎక్కువగా నీళ్లు తాగేది ముఖం మీంచి కాదు, అంచుల్లోంచి. కోసిన అంచు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. పొరల మధ్యలోకి చుక్క నెమ్మదిగా ఇంకిపోయి, చుట్టూ ముదురు మచ్చ పాకుతుంది. లప్పం పెట్టి, 180 నంబరు ఎమరీ పేపరుతో రుద్ది, రెండు కోట్లు ప్రైమరు వేసి ఆరాక మళ్లీ నీటి చుక్క వేయండి. ఈసారి చుక్క గుండ్రంగా మెరుస్తూ నిలబడాలి. నిలబడకపోతే ఇంకో కోటు. రీపరు అంచులకీ, చేతి రంధ్రాల లోపలికీ, స్క్రూ రంధ్రాలకీ ఇదే పరీక్ష.

ముందువైపు ఎన్ని కోట్లు వేస్తే వెనకా అన్నే వేయాలి. ఒక ముఖం తేమ పీల్చుకుంటూ ఇంకో ముఖం పీల్చుకోకపోతే ప్యానెల్ ఒంపు తిరుగుతుంది. మైకా అంటించేవాళ్లకూ అంతే, లోపలివైపు పలుచటి మైకా తప్పనిసరి.

ఆషాఢం గాలులు మొదలయ్యాక ఆరుబయట రంగు వేయకండి. రామగిరి గాలిమరల్ని తిప్పే ఆ గాలి మన తడి రంగు మీద దుమ్ము పరిచేస్తుంది. ఎండాకాలంలో అయితే పొద్దున్నే వేయండి, మధ్యాహ్నం ఎండకి బ్రష్ గీతలు కలవకముందే రంగు ఆరిపోతుంది.

రంగు ఎండినా వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, ప్యానెళ్లను తొట్టి దగ్గరికి తేవద్దు. ఎయిర్ పంపు స్టాండు కింద ఉంటుంది కదా, అది అక్కడి గాలినే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. మనకు ముక్కుకు తగిలిన థిన్నరు వాసన చేపలకు నేరుగా నీళ్లలో తగులుతుంది. దోమల కాయిల్, దోమల స్ప్రే కూడా ఆ చుట్టుపక్కల వద్దు. వాటిలో వాడే పైరెత్రాయిడ్ మందులు చేపలకు విషం. అలాగే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి పంపులోకి వెనక్కి రాకుండా గాలి గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి.

అలంకారం గురించి నా మాట: తొట్టి కింద రంగు ముదురుగా, మెరుపు లేకుండా ఉండాలి. కడప రాయి నలుపు నాకు బాగా ఇష్టం. దాని పైన నీళ్లూ మొక్కలూ వెలిగినట్టు కనబడతాయి. పువ్వులూ తీగలూ నిండా వేస్తే కన్ను చేపల మీంచి కిందికి జారిపోతుంది. ఏదైనా వేయాలనిపిస్తే లేపాక్షి లతా మండపం స్తంభాల మీది అల్లికలో ఒకటి ఎంచుకుని, కింది అంచు వెంట రెండంగుళాల బోర్డరుగా స్టెన్సిల్ వేయండి. చీరల అంచులకు ఆ అల్లికలు ఎంత నప్పుతాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బోరు నీళ్ల ఉప్పు ముదురు రంగు మీద తెల్లగా కనబడుతుంది కాబట్టి చుక్క పడిన రోజే తడిగుడ్డతో తుడిచేయండి.

పరీక్ష

మూడూ బిగించాక రాత్రి లైట్లు ఆపి, ఇంట్లో ఇంకొకరిని పిలిచి ముందు ప్యానెల్ తీయమనండి. రంధ్రాల్లో వేళ్లు పెట్టి పై అంచుని తనవైపు వంచాలి, అయస్కాంతాలు వదలగానే ఎత్తి పక్కన గోడకి ఆనించాలి. లాగడానికి స్టాండు కదిలేంత బలం పడుతోందంటే పట్టు ఎక్కువైంది, కింది రెండు బిళ్లలు తీసేయండి. పంపు నడుస్తున్నప్పుడు ప్యానెల్ గుర్రుమంటుంటే నడుమ భాగంలో స్టాండు తాకేచోట పలుచటి ఫెల్ట్ ముక్క అంటించండి, పంపు కింద స్పాంజి పెట్టండి.

వచ్చే పాఠంలో ముందు ప్యానెల్ నడుమ ఒక కిటికీ కోసి, రెండు యాక్రిలిక్ షీట్ల మధ్య నిమ్మలకుంట తోలుబొమ్మ పని పెట్టి, వెనక ఎల్ఈడీ పట్టీ వెలిగిద్దాం. తోలుకు తేమ పడదు కాబట్టి ఆ పనికి వేరే జాగ్రత్తలున్నాయి. ఈలోగా 2 ఎంఎం యాక్రిలిక్ షీట్లు రెండు, 300 బై 400 కొలతలో కోయించి పెట్టుకోండి. వాటి మీది కాగితం ఇప్పుడే పీకొద్దు.