అనంతపురం, కడప పల్లెల్లో సీతాకోకచిలుకల లెక్క ఎలా తీయాలి?

ఫోన్‌లో వంద సీతాకోకచిలుకల ఫొటోలు ఉన్నా మీ ఊళ్లో అవి పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలీదు. వారానికోసారి ఒకే దారిలో నడిచి లెక్క రాసుకుంటే తెలుస్తుంది. కావలసినవి ఒక నోటుపుస్తకం, పెన్సిలు, గడియారం. వల అక్కర్లేదు.

ముందు దారి. ఒక కిలోమీటరు చాలు. దాన్ని 200 మీటర్ల చొప్పున ఐదు ముక్కలు చేసి, మొదలూ చివరా రాళ్లకు సున్నం పూయండి. ఒక్కో ముక్క ఒక్కో రకం నేలలో పడాలి: చెరువు కట్ట, వంక ఒడ్డు, బుడ్డల చేను గట్టు, బీడు, గుట్ట పాదం. ఐదింటినీ కలిపి ఒకే అంకె రాస్తే ఏ నేల వల్ల ఏ రకం బతుకుతోందో ఎప్పటికీ తేలదు. లంకమల లాంటి అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి తీసుకున్నాకే అడుగు పెట్టండి.

నడిచేటప్పుడు మీకు అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర మీటర్లు, ముందు ఐదు, పైకి ఐదు మీటర్ల లోపు కనపడినవే లెక్క. 1970లలో బ్రిటన్‌లో పోలార్డ్ అనే పరిశోధకుడు స్థిరపరిచిన పద్ధతి ఇదే. కిలోమీటరుకు ముప్పావు గంట నుంచి గంట పట్టాలి. వెనక్కి తిరిగి చూడొద్దు. పోల్చుకోవడానికి ఆగితే, ఆగినంతసేపూ కొత్తగా వచ్చినవాటిని రాయొద్దు. లేదంటే ఎక్కువసేపు నిలబడ్డ చోటే ఎక్కువ ఉన్నట్టు తేలుతుంది.

వేళ సంగతి. సీతాకోకచిలుక ఒళ్లు వెచ్చబడాలంటే ఎండ కావాలి, మన ఎండ మరీ ముదిరితే అదే పొదల నీడకు చేరుతుంది. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య, మార్చి నుంచి మే దాకా ఒక గంట ముందుగా నడవండి. అసలు చిక్కు ఆషాఢం గాలితో. చిన్న చెట్లు మొదలంటా ఊగుతుంటే ఆ రోజు మానేసి గాలి తగ్గిన రోజు నడవండి. నడిచినా ఏమీ కనపడకపోతే 0 రాయండి, నడవకపోతే గీత పెట్టండి. ఈ రెండూ ఒకటి కావు. చాలా లెక్కలు చెడేది ఇక్కడే.

రెండో పొరపాటు పేర్లలో వస్తుంది. కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగే కామన్ మార్మన్‌నే చూడండి. దాని ఆడది మూడు రూపాల్లో ఉంటుంది: ఒకటి మగదానిలాగే, మిగతా రెండూ వేరే సీతాకోకచిలుకల్లా, అంటే ఒకటి కామన్ రోజ్ లాగా, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్ లాగా. మూడు జాతులని రాసేవాళ్లు కొల్లలు. రోజ్‌లకు ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కు నల్లగా ఉంటుంది. రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. ఈ వేషాలన్నిటికీ డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువే కీలకమని 2014లో తేలింది. రోజ్‌లు గాడిదగడపాకు తిని పెరుగుతాయి కాబట్టి పక్షులకు చేదు. ఆ వేషం వేసినందుకే మార్మన్‌ను కూడా పక్షులు వదిలేస్తాయి. గట్టు మీద గాడిదగడపాకు పోతే రోజ్‌లు తగ్గుతాయి, అప్పుడు మార్మన్ వేషానికి విలువ పోతుంది.

జిల్లేడు దగ్గరా ఇలాంటి మోసమే. అక్కడ తిరిగే ఆరెంజ్ రంగు ప్లెయిన్ టైగర్‌కు వెనక రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలు ఉంటాయి. వెనక రెక్క పైఅంచున ఒకే మచ్చ ఉంటే అది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దాని పిల్లలు, అంటే గొంగళి పురుగులు, తినేది జిల్లేడు కాదు, గంగపాయలాకు. ఇక పీకాక్ పాన్సీ అనే సీతాకోకచిలుకకు వానాకాలంలో రెక్కల అడుగున కళ్లు స్పష్టంగా ఉంటాయి, ఎండుకాలంలో ఎండుటాకులా మారుతుంది. జాతి మారలేదు, రుతువును బట్టి రూపు మారింది. చిన్న నీలం రంగువి దేనికవి గుర్తుపట్టలేకపోతే ‘చిన్న నీలం’ అని కలిపి రాయండి. ఊహించి పేరు పెట్టడం కంటే అదే నయం.

నెలకోసారి మొక్కలూ లెక్కపెట్టండి. పూలు కాదు, పిల్లలకు ఆహారమయ్యే మొక్కలు: తంగేడు, జిల్లేడు, రేగు, ఆముదం, కరివేపాకు, గాడిదగడపాకు. తంగేడు లేతాకు మీద నిలబెట్టిన బియ్యపు గింజలా సన్నగా తెల్లటి గుడ్డు కనపడితే అది ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకది. కరివేపాకు మీద పక్షి రెట్టలా ఉన్నది కదిలితే మార్మన్ పిల్లో, నిమ్మ సీతాకోకచిలుక పిల్లో. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, మూడు జతల నల్లటి కొమ్ములతో ఉన్నది ప్లెయిన్ టైగర్ పిల్ల.

అంకెలు చదివేటప్పుడు ఈ వారం లెక్కను ఈ వారం వానతో పోల్చొద్దు. వాన పడి, ఆకు చిగిర్చి, గుడ్డు పెట్టి, అది రెక్కలొచ్చి ఎగరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్ని వారాల కిందటి మీ మండలం వర్షపాతాన్ని పక్కన రాసుకోండి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లరే వాన, నెలల్లో అన్నిటికంటే ఎక్కువ పడేది సెప్టెంబర్‌లో. కాబట్టి అక్టోబర్, నవంబర్ అంకెలే ఆ ఏడాది సంగతి చెబుతాయి. నెలలో నాలుగు నడకల్లో 24 కనపడితే నడకకు 6 అని రాయాలి, లేకపోతే మూడే నడకలు జరిగిన నెల తక్కువగా కనపడుతుంది. వానాకాలం ముందూ వెనకా గుంపులుగా వలస వచ్చే బ్లూ టైగర్‌ను వేరుగా ఉంచండి, అది మీ గట్టు మీద పుట్టింది కాకపోవచ్చు. ఒక్క కరువేడు చూసి జాతి పోయిందని తీర్మానించొద్దు. మన దగ్గర వాన ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు.

ఏ ముక్కలో తగ్గుతున్నాయో తెలిశాక పని అక్కడే మొదలుపెట్టండి. బయటి నుంచి పురుగుల్ని తెచ్చి వదలొద్దు. గుట్టకూ వంకకూ మధ్య గట్ల మీద తంగేడు, రేగు తెగకుండా ఉంటే రెండు చోట్లవీ కలుస్తాయి. విడిపోయి మిగిలిన చిన్న గుంపులు తమలో తామే జతకట్టి తరాలు గడిచేకొద్దీ బలహీనపడతాయి. పూలు బాగున్నాయని లాంటానా నాటొద్దు, అది మిగతా మొక్కల్ని మింగేస్తుంది. కలుపు మందు గట్టు దాకా రానివ్వకండి. వేసవిలో గట్టు గడ్డికి నిప్పు పెడితే ఎండు కాడలకు వేలాడే ప్యూపాలు (రెక్కలు రాకముందు గొంగళి పురుగు ఉండే దశ) కూడా కాలిపోతాయి. తప్పదనుకుంటే కాల్చకుండా కోయండి, అదీ ఈ ఏడాది సగం గట్టు, వచ్చే ఏడాది మిగతా సగం.