రష్యన్ ‘బోగ్’ మాటలు ఇంగ్లీషులోకి: నాకు కుదిరిన పద్ధతి

సమస్య: రష్యన్‌లో ‘బోగ్’ అంటే దేవుడు. ‘బోగ్ స్ నిమ్’ని ‘గాడ్ బి విత్ హిమ్’ అని దించితే, విసిగిపోయి ‘పోనీలే’ అన్న మనిషి కాస్తా ఆశీర్వదిస్తున్న పూజారిలా వినిపిస్తాడు. నిఘంటువులోని మొదటి అర్థం, ప్రతిచోటా ‘గాడ్’ నిలపడం, ఫుట్‌నోట్లు పెట్టడం, మూడూ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు ఆ మాటను వాక్యంలోంచి తీసేసి చదవాలి. అర్థం చెడకుండా స్వరం మాత్రమే మారితే అది ఊతపదం, ప్రార్థన కాదు. తర్వాత దాని ముందున్న వాక్యం చూడాలి. అసలు కిటుకంతా ఇక్కడే. ‘రాది బోగా’ (మాటకు మాట ‘దేవుడి కోసం’) బతిమాలే క్రియతో వస్తే ‘ఫర్ గాడ్స్ సేక్’. అదే, ‘కిటికీ తెరవనా?’ అన్నదానికి ఒంటరిగా జవాబైతే ‘బై ఆల్ మీన్స్’, అంటే మన ‘నిక్షేపంగా’. ఇక్కడ ‘ఫర్ గాడ్స్ సేక్’ వేస్తే మర్యాద కసురుగా మారుతుంది.

ఇక మిగతా మాటలు. ‘స్ బోగమ్’ బయల్దేరేవాళ్లకు చెప్పేది; మామూలు సంభాషణలో ‘గుడ్ లక్’ చాలు, ‘గాడ్‌స్పీడ్’ పాతవాసన కొడుతుంది. ‘నె దాయ్ బోగ్’కి ‘గాడ్ ఫర్బిడ్’ దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. ‘స్లావా బోగు’ (మాటకు మాట ‘దేవుడికి స్తోత్రం’) మాత్రం ‘ఎలా ఉన్నారు?’కి జవాబైతే ‘కాంట్ కంప్లెయిన్’ దగ్గరగా ఉంటుంది.

‘బోగ్’ పెద్ద అక్షరంతో (క్యాపిటల్) ఉందా లేదా అన్నదాన్ని బట్టి భక్తిని తేల్చకండి: సోవియట్ ముద్రణల్లో భక్తుడి మాటలోనూ ‘బోగ్’ చిన్న అక్షరంతోనే ఉండొచ్చు. మాట్లాడేది మతాధికారి అయినా, చర్చి స్లావోనిక్ (రష్యన్ చర్చి ప్రార్థనల పాత భాష) ప్రార్థన అయినా ఈ పద్ధతి పక్కన పెట్టాలి. అక్కడ ‘గాడ్’ ఉండాల్సిందే. కవిత్వంలో ఎంతవరకు పనికొస్తుందో హామీ ఇవ్వలేను.